మిడిల్ పాయింట్‌లో దిగి నడవండి

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో సీటొచ్చిందనగానే చుట్టాలు అడిగేది ఒకటే: "బీచ్‌లు బాగుంటాయటగా?" బాగుంటాయి. పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్‌లో మెరైన్ బయాలజీ చదివేవాళ్లకైతే సముద్రమే ల్యాబు. కానీ చరిత్ర, ఆంత్రొపాలజీ, టూరిజం మీద మనసున్నవాళ్లు బీచ్‌ని కాస్త పక్కనపెట్టి ఊళ్లోని మిడిల్ పాయింట్‌లో దిగాలి. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురమైంది. ఆటోవాళ్లకి పాత పేరు చెప్పినా తెలుస్తుంది.

మిడిల్ పాయింట్‌లో ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మ్యూజియం ఉంది. చకచకా తిరిగితే గంటలో అయిపోతుంది. అలా కాకుండా ఈ దీవుల ఆదివాసులైన జరావాలు చెట్టు బెరడుతో చేసుకున్న ఛాతీ కవచం ముందు అరగంట నిలబడండి. దేనితో చేశారు, ఎలా చుట్టారు, లేబుల్‌లో ఏముంది, ఏం లేదు... అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. మ్యూజియంలో క్యాటలాగింగ్ ఉద్యోగమంటే దాదాపు ఇదే. జరావాలనే చూసొద్దామని మాత్రం బయల్దేరకండి. అనుమతి లేకుండా వాళ్ల రిజర్వ్‌లోకి వెళ్లడం, ఫొటోలు తీయడం నేరం.

అబర్డీన్ బజార్‌లో కాసేపు ఆగితే శ్రీకాకుళం యాస చెవినపడుతుంది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. ఎప్పుడొచ్చారు, ఎవరి వెంట వచ్చారు, వచ్చిన కొత్తలో ఏం పని చేశారు అని పెద్దవాళ్లను అడిగి రికార్డు చేసుకోండి. డిజర్టేషన్‌కి ఇంతకంటే మంచి సరుకు దొరకదు, పైగా తెలుగొచ్చిన మీకే అది సులువు.

ఇక సెల్యులర్ జైలు. 1857 జూలై 17న హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి దిగిన మౌల్వీ అలావుద్దీన్ ఇక్కడే ఖైదీగా ఉన్నాడని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆయన్ను అండమాన్‌కి పంపింది నిజమే. జైలు కట్టడం మొదలైంది మాత్రం 1896లో, అప్పటికే ఆయన లేరు! ఈ గోడల మధ్య నిజంగా ఉన్న తెలుగువాళ్లలో ఒకరు కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి. ఇలా తేదీ పక్కన తేదీ పెట్టి చూసే అలవాటున్న గైడ్‌కీ, బట్టీపట్టి అప్పజెప్పే గైడ్‌కీ తేడా పర్యాటకుడికి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

చదువుల సంగతికొస్తే ఆంధ్రా యూనివర్సిటీలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రొపాలజీ పీజీ ఉంది. గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్ రెండేళ్ల ఆర్కియాలజీ పీజీ డిప్లొమా ఇస్తుంది. టూరిజానికి నెల్లూరులోనే ఐఐటీటీఎం ఉంది. దాచడమెందుకు, ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లూ ఆలస్యమే. నెట్ పరీక్షకీ చదువుతూ ఉండండి.

జైలు నుంచి బయటికొచ్చే ముందు ఒక గది తలుపు చూడండి. గొళ్లెం తలుపు మీద ఉండదు, పక్క గోడలో దూరంగా, లోపలి మనిషి చెయ్యి ఎంత చాచినా అందనంత దూరంలో ఉంటుంది. బొమ్మ గీసుకోండి. రేపు ఇంటర్వ్యూలో "అండమాన్‌లో ఏం చూశావు?" అని అడిగితే ఆ గొళ్లెం గురించి చెప్పండి.