ఇంటిలో హెచ్.ఐ.వి. పరీక్ష: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

హెచ్.ఐ.వి. పరీక్ష యనగా ఒకప్పుడు పట్టణమునకు పోయి రక్తము నిచ్చుట, కొన్ని దినములు వేచియుండుట, మరల పోయి భయపడుచు ఫలితమును వినుట. ఫలితమునకై తిరిగి రానివారును ఉండిరి. నేడు అరగంటలో ఫలితమును తెలుపు పరీక్షలు గలవు. అందొకదానిని వైద్యుని సాయము లేకుండ ఇంటిలోనే ఎవరికి వారు చేసికొనుటకు అమెరికా దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2012 జూలై 3వ తేదీన అనుమతి నొసగెను. దాని పేరు ఓరాక్విక్. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2016 డిసెంబరులో స్వీయపరీక్షను సిఫారసు చేసినది.

అమెరికా సంగతి మనకేల యని సభ్యులు కొందఱు తలపవచ్చును. పనులకై దూరదేశములకు, పెద్దపట్టణములకు పోయి, యేడాది కొకటి రెండుమారులు ఇంటికి వచ్చు యువకులు లేని గ్రామము మన సీమలలో అరుదు. వారి చేతులలో ఫోనులున్నవి. ఇట్టి పరీక్షలను గూర్చి వారు మనకంటె ముందుగనే విందురు. 'పరీక్షలో లేదని వచ్చినది గదా, ఇక భయమేమి?' యను మాట ఒకనాడు మీ చెవిని పడును. ఆ మాటలో నిజమెంతయో, ప్రమాదమెంతయో తెలిసియుండుట మంచిది.

పరీక్షావిధానము సులభము. కిట్టులో మెత్తని కొన గల పుల్ల యొకటి, ద్రవము గల చిన్న సీసా యొకటి యుండును. పుల్ల కొనతో పైచిగుళ్లను ఒకమారు, క్రిందిచిగుళ్లను ఒకమారు తుడిచి, దానిని సీసాలో నుంచవలెను. 20 నిమిషములు గడచిన పిమ్మట, 40 నిమిషములు మించక మునుపు ఫలితమును చూడవలెను. 'సి' యను అక్షరము చెంత మాత్రమే గీత కనబడినచో హెచ్.ఐ.వి. జాడ పరీక్షకు చిక్కలేదని యర్థము. 'టి' యను అక్షరము చెంతను గూడ గీత, ఎంత పలుచనిదైనను సరే, కనబడినచో ఆసుపత్రిలో నిర్ధారణ చేయించుకొనవలెను. 'సి' చెంత గీతయే రానిచో ఆ పరీక్ష చెల్లదు.

ఇచట ఒక యపోహను తొలగింపవలసియున్నది. చిగుళ్ల తడిలో ఈ పరీక్ష వెదకునది వైరసును కాదు; వైరసు నెదుర్కొనుటకు శరీరము తయారుచేసికొను ప్రతిరక్షకములను. పరీక్ష నోటిలో చేయుచున్నారు గనుక ఎంగిలి వలన వ్యాధి యంటునని యెవరైన ననినచో అది తప్పు. ఒకే కంచమున తినినను, ఒకే చెంబుతో నీరు త్రాగినను ఇది సోకదు.

ఈ కిట్టును తనకొరకే గాక, దేహసంబంధమునకు ముందు ఎదుటివారితో గలిసి వాడవచ్చునా యను ప్రశ్న న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులకు కలిగినది. పురుషులతో సంబంధము గల పురుషులను 27 మందిని వారు చేర్చుకొనిరి. వీరెవ్వరికిని వైరసు లేదు. కాని పలువురితో సంబంధము గలవారు, కండోము ఎన్నడో గాని వాడనివారు. వీరికి కిట్లనిచ్చి మూడు మాసములు పరిశీలించిరి. 2012లో ప్రకటించిన ఫలితముల ననుసరించి, వీరు 124 మందిని 'పరీక్ష చేసికొందము' అని యడుగగా 101 మంది సమ్మతించిరి. అందు 10 మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు కనబడినది. ఆ పదుగురిలో ఆరుగురికి ఆ సంగతి అంతవరకు తెలియదు. ఉన్నదని కనబడిన పిమ్మట సంభోగము జరుగలేదు.

అడుగుటయే యసాధ్యమని మనము తలంచు మాటను అడిగినచో ఐదుగురిలో నలుగురు ఒప్పుకొనిరి. ఈ పరిశీలనలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఇదియే. అయితే ఇది చిన్న పరిశీలన. అచట ఇరువైపుల వారును స్వతంత్రులు. కాదని లేచిపోగల శక్తి గలవారు. ఆ సంగతికి మరల వత్తును.

ఇక పరీక్షకు గల హద్దు. వైరసు ప్రవేశించిన వెంటనే ప్రతిరక్షకములు పుట్టవు. నోటి పరీక్షకు అవి చిక్కుటకు మూడు వారములు మొదలు మూడు మాసముల వరకు పట్టవచ్చును. పది దినముల క్రితము వైరసు సోకినవాడు నేడు పరీక్ష చేసికొనినచో 'లేదు' అనియే వచ్చును. అతడు అబద్ధమాడుట లేదు, కిట్టు చెడిపోలేదు. అయినను ఆ తొలివారములలోనే రక్తమందు వైరసు మిక్కుటముగా నుండి, ఇతరులకు సులభముగా సోకును. సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినది ఇదే: పరీక్ష చూపునది మూడు మాసముల వెనుకటి స్థితిని, నిన్నమొన్నటి స్థితిని కాదు. ఇదిగాక, ఇంటిలో స్వయముగ చేసికొనిన పరీక్షలో, వైరసు ఉన్న ప్రతి 12 మందిలో ఒకరికి 'లేదు' అని తప్పుగా రావచ్చునని అనుమతి నిచ్చిన సంస్థయే తెలిపినది. లేనివారికి 'ఉన్నది' యని వచ్చుట 5,000 పరీక్షలలో ఒకటి. మన దేశమున ఒక పరీక్షతో ఎవరికిని వ్యాధి నిర్ధారింపరు. మూడు వేర్వేరు పరీక్షలు జరిపిన పిమ్మటనే చెప్పుదురు. సవాయి మొదలగు తక్కిన సుఖవ్యాధులను ఈ కిట్టు కనుగొనజాలదు. కనుక 'లేదు' అని వచ్చినను కండోమును మానరాదు.

అల్పపరిచయము గల ఇరువురు ఈ మాట నెట్లు ఎత్తుకొనవలెను? 'నీకేమైన నున్నదేమో, పరీక్ష చేసికొనుము' అనినచో అది నిందయగును. 'ముందు నేను చేసికొందును, పిదప నీవు చేసికొనుము' అనినచో అది ఒప్పందమగును. ఈ మాట చీకటిలో, త్రాగిన మత్తులో కాక, కలిసికొనుటకు ముందే, ఫోనులోనైన, తేటగా నాడుకొనుట మేలు. గీత కనబడినచో ఏమి చేయుదుమో గూడ ముందే అనుకొనవలెను. అట్టి ఫలితము వచ్చినవానిని తిట్టి వెడలగొట్టుట క్రూరము. ఆ రాత్రి అతనిని ఒంటరిగా విడువరాదు. పరీక్షకు గాని, కండోముకు గాని ఎదుటివారు ఒప్పుకొననిచో సంబంధము వలదనుటకు ఎవరికైనను హక్కు గలదు. ప్రమాదము అప్పటికే జరిగిపోయినచో 72 గంటలలోపల, ఎంత త్వరగా నైన అంత మంచిది, ప్రభుత్వ ఆసుపత్రికి పోయి అడుగవలెను. వైద్యుడు తగునని చెప్పినచో 28 దినములు మందు వాడిన సోకకుండ నివారించు అవకాశము గలదు.

ఇపుడు వెనుక చెప్పెదనన్న సంగతి. ఏడాదికొకమారు వచ్చు భర్తను 'పరీక్ష చేసికొంటివా' యని యడుగగల భార్యలు మన గ్రామములలో ఎందఱు? అడిగినచో 'నన్ను అనుమానించెదవా' యను గద్దింపు, ఒక్కొక్కచో దెబ్బయు. న్యూయార్కు పరిశీలనలోని స్వాతంత్ర్యము ఆమెకు లేదు. కిట్టును ఆమె చేతిలో పెట్టినంత మాత్రమున ఆ స్వాతంత్ర్యము రాదు. అంతేకాదు, భర్తయే భార్యచే బలవంతముగ పరీక్ష చేయించి, ఫలితమును సాకుగా జేసి ఆమెను పుట్టింటికి పంపవచ్చును. ఈ కారణముననే ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో నిర్బంధము కూడదని పలుమారులు చెప్పుచున్నది. ఇట్టి కుటుంబములకు దంపతులిరువురును కలిసి సలహాకేంద్రమునకు పోవు మార్గము మేలు. అచట అడుగవలసిన మాటను భార్యకు బదులు సలహాదారు అడుగును.

పంచాయతీ సమావేశమున ఒక సభ్యుడు లేచి, 'పండుగకు వచ్చు వలసకూలీల కందఱికిని పరీక్షలు జరిపి జాబితా వ్రాయింతము' అని ప్రతిపాదించెననుకొందము. ఉద్దేశము మంచిదే కావచ్చును, తీర్మానము చట్టవిరుద్ధము. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీ నుండి అమలులోనున్నది. న్యాయస్థానపు ఆజ్ఞ వంటి కొలది సందర్భములు తప్ప, వ్యక్తి తెలిసి యిచ్చిన సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. నమ్మకముతో చెప్పిన సంగతిని అతని యనుమతి లేక ఇతరులకు తెలుపరాదు. పనినుండి తొలగించుట, బడిలో చేర్చుకొనకపోవుట, ఇల్లు ఖాళీ చేయించుట మొదలగు వివక్ష నిషేధింపబడినది. వ్యాధిగ్రస్తునికిని బాధ్యత గలదు: ఇతరులకు సోకకుండ తగిన జాగ్రత్తలు తీసికొనవలెను; సంబంధమునకు ముందు తెలుపుట గూడ అందులో నొకటి. అయితే తెలిపినచో తన్నుదురను, వెడలగొట్టుదురను భయము గల స్త్రీకి ఈ చట్టము మినహాయింపు నిచ్చినది. జాబితా యొకటి చావడి గోడకెక్కినచో మరునాటినుండి ఎవ్వరును పరీక్షకు రారు. వ్యాధి చాటున పెరుగును.

పరీక్షకు జనులు వచ్చుటకు భయము గాక ఆశ కావలెను. ఆశకు నేడు గట్టి యాధారమున్నది. మన దేశమున ఉచిత చికిత్స 2004 ఏప్రిలు 1వ తేదీన ఆరంభమైనది. 2017 నుండి రోగము ముదురువరకు వేచియుండక, నిర్ధారణయైన వారందఱికిని మందు లిచ్చుచున్నారు. తొమ్మిది దేశములలో 1,763 జంటలపై జరిగిన పరిశీలనలో మన చెన్నై, పూనా నగరములును పాల్గొన్నవి. ముందుగ చికిత్స ఆరంభించినచో భాగస్వామికి సోకుట 96 శాతము తగ్గినదని 2011లో తేలినది. పిమ్మట ఐరోపాలో 782 పురుషజంటలను పరిశీలింపగా, మందులవలన రక్తమున వైరసు కనబడనంతగా తగ్గినవారినుండి భాగస్వామికి ఒక్కరికైనను సోకలేదని 2019లో ప్రకటించిరి.

కిట్టులో గీత కనబడినవారిని పంపవలసినది దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐ.సి.టి.సి. కేంద్రమునకు, అచట నిర్ధారణ పరీక్ష ఉచితము. ఎవరికిని పేరు చెప్పక ముందు మాట్లాడగోరువారికి 1097 అను ఉచిత ఫోను నంబరు గలదు. ఈ నాలుగంకెలను పంచాయతీ కార్యాలయపు గోడపైన, బస్సు నిలుచు చోటను పెద్దయక్షరములతో వ్రాయించుటకు తీర్మానమొకటి, సున్నపుడబ్బా యొకటి చాలును.