బే బోట్ కొనేముందు ఈత రాని మనిషిని తలుచుకోండి

షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్, కేటీ ఊళ్ళలో ఉండే తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ బే గంట అటూ ఇటూ ప్రయాణం. తెల్లవారకముందే వెళ్ళి గాలం వేసి రెడ్‌ఫిష్ పట్టాలి, ఎండ పొడిచాక ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నీళ్ళమీద తిరగాలి, రెండింటికీ ఒకే పడవ కావాలి అని అడిగితే డీలర్లు ఎక్కువగా చూపించేది బే బోట్. 18 నుంచి 26 అడుగుల పొడవు ఉంటుంది. మధ్యలో నిలబడి నడిపే కన్సోల్, ముందూ వెనకా ఎత్తుగా చదునైన డెక్కులు, వెనక గోడకు బిగించిన అవుట్‌బోర్డ్ ఇంజన్. అడుగు, అడుగుంపావు నీళ్ళుంటే చాలు తేలుతుంది.

ఈ పడవను రూపొందించిందే వేట కోసం. చేపను పైకి లాగడానికి వీలుగా పక్క గోడలు పొట్టిగా పెడతారు. గాలం విసిరేటప్పుడు అడ్డు రాకూడదని ముందు డెక్కు చుట్టూ కమ్మీలు ఉంచరు. వేటగాడికి సుఖంగా ఉండే ఈ రెండే నాలుగేళ్ళ పిల్లకూ, వేసవికి ఇండియా నుంచి వచ్చిన నాయనమ్మకూ ప్రమాదం తెచ్చిపెడతాయి. అందుకే ఏ పడవ కొనాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. మీ పడవ ఎక్కబోయేవాళ్ళలో ఈత రాని మనిషి, కాలు నిలవని మనిషి ఎవరో ముందు అనుకోండి. వాళ్ళకు సరిపడే పడవలో చేపలు ఎలాగైనా పట్టుకోవచ్చు. చేపలకు మాత్రమే సరిపడే పడవలో వాళ్ళను కూర్చోబెట్టకూడదు.

2023లో అమెరికాలో విహార పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారని కోస్ట్ గార్డ్ లెక్క. కారణం తెలిసిన మరణాల్లో ముప్పావు వంతు నీట మునిగిపోయినవే. అలా మునిగినవాళ్ళలో, లైఫ్ జాకెట్ సంగతి తెలిసినంతవరకు, 87 శాతం మంది ఒంటిమీద అది లేదు.

కొనేముందు చేయవలసినవి

ముందు ఒకటి రెండు సార్లు అద్దెకు వెళ్ళండి. లైసెన్సున్న గైడ్‌ను పెట్టుకుని ఇంట్లో అందరూ కలిసి అర పూట బే బోట్ మీద గడపండి. ఎవరికి కడుపులో తిప్పుతుందో, ఎవరు భయపడతారో, పిల్లలు ఎంతసేపు ఒకచోట కూర్చుంటారో షోరూమ్‌లో తెలియదు.

షోరూమ్‌కి వెళ్ళేటప్పుడు కూడా ఇంటి పెద్దలను, పిల్లలను తీసుకెళ్ళండి. అమ్మను పడవలోకి ఎక్కించి దించండి. గట్టు మీద నుంచి డెక్కు మీదికి అడుగు వేసేటప్పుడు పట్టుకోవడానికి గట్టి పిడి చేతికి అందుతోందా? పక్క గోడ లోపలి వైపు పెద్దవాళ్ళకు మోకాలి పైకి రాకపోతే ఆ పడవ కుటుంబానికి పనికిరాదని నా అభిప్రాయం. మోకాలి కింద తగిలే గోడ మనిషిని ఆపదు, తూలినప్పుడు కాలికి అడ్డుపడి నీళ్ళలోకి తోస్తుంది.

కూర్చునే చోట్లు లెక్కపెట్టండి, పడుకునే మెత్తలు కాదు. వీపుకు ఆనుడు, చేతికి పిడి ఉన్నదే సీటు. చాలా బే బోట్లలో వెనక డెక్కులోంచి పైకి లేచే మడత సీట్లు రెండు మూడు ఉంటాయి. అలలమీద పడవ ఎగిరిపడినప్పుడు ముక్కు దగ్గర దెబ్బ ఎక్కువ, వెనక తక్కువ కాబట్టి పెద్దవాళ్ళకు అవే మంచివి. ఎముకలు గుల్లబారిన వయసులో ముందు భాగంలో కూర్చుని ఒక్క గట్టి అల మీద దబ్బున పడితే వెన్నుపూస విరగవచ్చు. అయితే ఆ మడత సీట్ల వెనకే ఇంజన్ ఉంటుంది. పడవ ఒక్కసారి వేగం అందుకున్నప్పుడు వెనక్కి ఒరిగినా జారిపోకుండా వీపు ఆనుడు ఎత్తుగా, బలంగా ఉందో లేదో ఊపి చూడండి.

నీడ, మరుగు. ఈ రెండింటి గురించి అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. టెక్సస్ ఎండలో నీడ లేని పడవలో రెండు గంటలు గడపడం పసిపిల్లలకూ బీపీ మందులు వేసుకునేవాళ్ళకూ మంచిది కాదు. పైపుల మీద నిలిచే టీ-టాప్ గాలికి కొంచెం ఊపు పెంచినా, పట్టుకోవడానికి నాలుగు స్తంభాలు దొరుకుతాయి. మడిచిపెట్టే బిమిని గుడ్డకు ఆ బలం ఉండదు. ఇక మరుగు సంగతి. పడవలో చోటు లేదని ఆడవాళ్ళు పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. మిట్టమధ్యాహ్నానికి వడదెబ్బ తగిలేది అలాగే. కన్సోల్ లోపల చిన్న పోర్టబుల్ టాయిలెట్ పట్టే తలుపు ఉందేమో చూడండి. 22 అడుగుల లోపు దొరకడం కష్టం, 24 అడుగుల్లో చాలావాటికి ఉంటుంది. అదనంగా పెట్టే ఖర్చులో అన్నిటికంటే విలువైనది ఇదే అంటాను.

నీళ్ళలోంచి మళ్ళీ పైకి ఎక్కే నిచ్చెన తప్పనిసరి. నీటి అడుగున కనీసం రెండు మూడు మెట్లు దిగాలి, నీళ్ళలో ఉన్న మనిషి తానే లాగి దించుకోగలగాలి. తడిసిన బట్టలతో ఉన్న మనిషిని పైనుంచి లాగడం ఇద్దరు బలవంతులకు కూడా మాటలు కాదు.

పడవ అడుగు, బే గాలి

దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది వేగాన్నీ మెరుపునీ చూసి నిర్ణయం తీసుకుంటారు. గాల్వెస్టన్ బే సుమారు 600 చదరపు మైళ్ళ నీరు, సగటు లోతు మాత్రం 6, 7 అడుగులే. ఇంత పరుపున ఉన్న లోతులేని నీటిమీద ఆగ్నేయపు గాలి నాలుగు గంటలు వీస్తే అలలు పొడవుగా సాగవు, పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి దగ్గర దగ్గరగా లేస్తాయి. నడి సముద్రంలో మూడడుగుల అల కంటే ఇక్కడి రెండడుగుల అల ఒంటిని ఎక్కువ కుదిపేస్తుంది.

పడవ అడుగు వెనక భాగంలో వి ఆకారం ఎంత లోతుగా ఉందో చెప్పే కోణాన్ని డెడ్‌రైజ్ అంటారు. బే బోట్లలో అది సాధారణంగా 12 నుంచి 17 డిగ్రీల మధ్య ఉంటుంది. కోణం తక్కువైతే పడవ నిలిచి ఉన్నప్పుడు తక్కెడలా ఊగదు, ఒక పక్కకు ముగ్గురు చేరినా పెద్దగా వాలదు, ఇంకా లోతు తక్కువ నీళ్ళలోకి పోతుంది. కానీ నడిచేటప్పుడు ప్రతి అలా వీపులో తగులుతుంది. కోణం ఎక్కువైతే అలను కోసుకుంటూ మెత్తగా పోతుంది, ఆగినప్పుడు మాత్రం పక్కలకు దొర్లుతుంది. పిల్లలూ పెద్దలూ ఉన్న ఇంటికి 15 డిగ్రీల అటూ ఇటూ, 22 నుంచి 24 అడుగుల పొడవు నాకు నచ్చిన కొలత. గడ్డి మడుగుల్లో అరచేతి లోతు నీళ్ళలో చేపలు పట్టాలన్న కోరిక కొంత వదులుకోవాలి. వదులుకోండి.

గాలి లేని పొద్దున డీలరు ఇచ్చే ట్రయల్‌తో సరిపెట్టుకోకండి. గాలి 12, 15 నాట్లు ఉన్న మధ్యాహ్నం, ఎంతమంది ఎక్కుతారో అంతమందితో నడిపి చూపించమనండి. ఇష్టం లేదన్న డీలరు దగ్గర కొనకండి.

బిళ్ళ మీది అంకె, దాని వెనక లెక్క

కన్సోల్ దగ్గర ఎంతమంది, ఎన్ని పౌండ్లు అని చెప్పే కెపాసిటీ బిళ్ళ ఉంటుంది. ఒకే డొప్ప ఉన్న మామూలు పడవ 20 అడుగుల లోపుంటే చట్టప్రకారం అది ఉండాల్సిందే. ఆపైన 26 అడుగుల వరకు చాలామంది తయారీదారులు స్వచ్ఛందంగా పెడతారు. ఆ మనుషుల అంకె వేసేటప్పుడు నియమం ఒక్కో మనిషిని సుమారు 141 పౌండ్లుగా, అంటే 64 కిలోలుగా లెక్కిస్తుంది. మన ఇంట్లో పెద్దవాళ్ళ బరువులు ఎవరికి వాళ్ళకు తెలుసు. అందుకే మనుషుల అంకెను కాదు, పౌండ్ల అంకెను పాటించండి. ఐస్‌బాక్సు, పులిహోర డబ్బాలు, నీళ్ళ సీసాలు, లంగరు అన్నీ అందులోకే వస్తాయి. ఎనిమిది మంది అని రాసి ఉన్న పడవలో గాలాలతో సహా నలుగురైదుగురు మించకుండా వెళ్ళడం మంచి అలవాటు.

ఇంకో సంగతి చాలామంది కొనేవాళ్ళకు తెలియదు. 20 అడుగుల లోపు అవుట్‌బోర్డ్ పడవ నీళ్ళతో నిండినా బల్లపరుపుగా తేలి ఉండేలా లోపల ఫోమ్ నింపాలని ఫెడరల్ నియమం. 20 అడుగులు, ఆపై పడవలకు ఆ నియమం లేదు. పెద్ద పడవ కదా, మునగదులే అనుకుంటాం. కొందరు తయారీదారులు 24 అడుగుల పడవకూ ఫోమ్ నింపుతారు, కొందరు నింపరు. నీళ్ళు నిండితే ఇది తేలుతుందా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. డెక్కు మీద పడ్డ నీరు దానంతటదే బయటికి పోయే ఏర్పాటు, నీరు చేరగానే తనకు తానే తిరిగే బిల్జ్ పంపు కూడా చూడాలి.

చేయకూడనివి

మీ కారు లాగలేని పడవ కొనకండి. 22 అడుగుల బే బోట్ ఖాళీ డొప్ప సుమారు 2,400 పౌండ్లు, 200 హార్స్‌పవర్ ఇంజన్ 500 దరిదాపు, 50 గ్యాలన్ల పెట్రోలు 300, ట్రైలరు వెయ్యి, బ్యాటరీలు, సామాను ఇంకో మూడు వందలు. మొత్తం 4,500. టొయోటా సియెన్నా, హైలాండర్ హైబ్రిడ్ లాగగలిగేది 3,500. రోడ్డు మీద లాక్కుపోవడం ఒక ఎత్తు, నాచు పట్టిన ర్యాంపు మీద అంత బరువును ఆపడం ఇంకో ఎత్తు. ట్రైలరుకు సొంత బ్రేకులు లేకుండా కొనవద్దు.

బిళ్ళ మీద రాసిన హార్స్‌పవర్ దాటి ఇంజన్ బిగించకండి. మరీ చిన్న ఇంజనూ వద్దు. మనుషులు నిండాక ముక్కు పైకెత్తి ఈడ్చుకుంటూ పోయే పడవలో ఎదురుగా ఏముందో నడిపేవాడికి కనబడదు.

తుఫాను నీళ్ళు తాగిన పాత పడవను ధర చూసి తెచ్చుకోకండి. 2017లో హార్వీ, 2024లో బెరిల్ టెక్సస్ తీరాన్ని తాకాయి. అలాంటి తుఫానుల్లో మునిగి, తుడిచి రంగేసిన పడవలు తర్వాత ఏళ్ళ తరబడి చేతులు మారతాయి. వెనక గోడ కుడివైపు ఉండే 12 అక్షరాల హల్ నంబరు కాగితాలతో సరిపోవాలి. టెక్సస్‌లో పడవకు ఒక టైటిల్, అవుట్‌బోర్డ్ ఇంజన్‌కు వేరే టైటిల్ ఉంటాయి, రెండూ అమ్మేవాళ్ళ పేరునే ఉన్నాయా చూడండి. ఇంజన్ తగిలించే గోడ లోపల చెక్క కుళ్ళిందేమో సర్వేయరుకు డబ్బిచ్చి చూపించండి. పెట్రోలు గొట్టాలు గట్టిపడి బీటలిస్తే, బేరం సంగతి తర్వాత, ముందు మార్పించండి.

పడవ నడుస్తుండగా ముందు డెక్కు మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, కాళ్ళు బయటికి వేలాడేసి అసలే కాదు. అక్కడినుంచి జారితే పడవ ఆ మనిషి మీదుగా వెళుతుంది, చివర ప్రొపెల్లర్ ఉంటుంది. ఫొటో కోసం కూడా వద్దు. గాలం వేసే కుర్చీ పడవ ఆగి ఉన్నప్పుడే.

చీర, చున్నీ, పొడుగు కుచ్చిళ్ళ బట్టలతో ఎక్కవద్దు. నీళ్ళలో పడితే కాళ్ళకు చుట్టుకుంటాయి, లైఫ్ జాకెట్ పట్టీలు సరిగా బిగియవు. అత్తయ్యగారికి ఈ మాట ముందు రోజే మర్యాదగా చెప్పి, సల్వారో ప్యాంటో సిద్ధం చేయండి. గట్టు దగ్గర చెబితే నొచ్చుకుంటారు.

లైఫ్ జాకెట్లను సీటు కింద ప్లాస్టిక్ కవర్లోనే ఉంచకండి. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ నడుస్తుంటే 13 ఏళ్ళు నిండని పిల్లలు తొడుక్కునే ఉండాలి. ఈత రాని పెద్దలకు చట్టం లేకపోయినా మీరే పెట్టండి ఆ నియమం. పిల్లల జాకెట్లు వయసును బట్టి కాదు, బరువును బట్టి కొనాలి. 30 పౌండ్ల లోపు, 30 నుంచి 50, 50 నుంచి 90, ఇలా వేరువేరుగా ఉంటాయి. పసిపిల్లల దానికి తల వెనక దిండు, కాళ్ళ మధ్య పట్టీ, పైకి లాగే పిడి మూడూ ఉండాలి. పెరుగుతాడులే అని ఒక సైజు పెద్దది కొంటే నీళ్ళలో జాకెట్ పైకి తేలి పిల్లవాడు కిందికి జారతాడు.

పడవ ఇంటికొచ్చాక

నడిపేవాళ్ళు కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోండి. నడిపేవాడు పడిపోతే ఇంజన్ ఆగిపోవడానికి ఉన్నది అదొక్కటే. 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు పడవల్లో వేగంగా వెళ్ళేటప్పుడు ఇది ఫెడరల్ చట్టం కూడా. భార్యాభర్తలిద్దరూ పడవ ఆపడం, లంగరు వేయడం, 16వ ఛానల్లో రేడియో పిలవడం నేర్చుకోవాలి. సెల్‌ఫోన్ మీద ఆధారపడవద్దు. 1993 సెప్టెంబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సస్‌లో 15 హార్స్‌పవర్ దాటిన పడవ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. అంతకుముందు పుట్టినవాళ్ళు కూడా ఆ పాఠం చదవాలి. మంటలార్పే సిలిండరు తయారీ ఏడాది చూసుకోండి, వాడి పారేసే రకానికి 12 ఏళ్ళే ఆయుష్షు. సంకేతపు మంటలకు 42 నెలలు.

బే మధ్యలోంచి హ్యూస్టన్ షిప్ ఛానల్ పోతుంది. 45 అడుగులకు పైగా తవ్విన కాలువ, అందులో మహా ఓడలు. ఓడ దూరంగా నిదానంగా పోతున్నట్టు కనిపిస్తుంది, దాని అల మాత్రం ఛానల్ పక్కనున్న లోతులేని నీటిలోకి వచ్చేసరికి నిటారుగా లేస్తుంది. పొట్టి గోడల బే బోట్ లంగరు వేసి ఉంటే ఆ అల ముక్కు మీదుగా లోపలికి దూకవచ్చు. కొత్తగా కొన్నవాళ్ళు ఛానల్ అంచున లంగరు వేయకండి. దాటాల్సి వస్తే ఓడ వెళ్ళిపోయాక అడ్డంగా, తిన్నగా దాటండి. అల వస్తుంటే వేగం తగ్గించి, ముక్కును దానికి కొంచెం ఏటవాలుగా తిప్పి, అందరినీ కూర్చోమని గట్టిగా చెప్పండి. ఈ మాట పిల్లలకు గట్టు మీదే నేర్పి ఉంచాలి. "కూర్చో" అనగానే గాలం వదిలేసి ఎక్కడివాళ్ళు అక్కడ డెక్కు మీద చతికిలబడాలి.