పత్తిలో వ్యర్థమేది?

భివండీలోని పద్మానగర్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుండి బతుకుతెరువుకై వచ్చిన పద్మశాలీలు ఇక్కడ సాంచెలు నడుపుతున్నారు. నూలు పత్తి నుండి వస్తుందని మనకు తెలుసు. మరి పత్తిలో దూది ఎంత?

రైతు అమ్మిన 100 కిలోల పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది. మిగిలినదంతా దాదాపు గింజలే. మరాఠీలో వీటిని ‘సర్కీ’ అంటారు. గింజల నుండి వంటనూనె తీస్తారు. మిగిలిన చెక్క పశువులకు దాణా. పశువుల పేడ తిరిగి చేనికి ఎరువు. నేల ఇచ్చినది నేలకే చేరుతుంది.

అయితే గింజను పొట్టుతో సహా పిండితే చెక్కలో 6, 7 శాతం నూనె ఉండిపోతుంది. నూగును, పొట్టును ముందే వేరుచేసి, చెక్కలోని నూనెను ద్రావకంతో తీస్తే 1 శాతం కూడా మిగలదు. నూగు కాగితం తయారీకి, పొట్టు పశువుల మేతకు పనికివస్తాయి. మనదేశం వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నది. కాబట్టి ఇది చిన్న నష్టం కాదు.

ఈ నష్టం కంటికి కనబడదు. తూకంలో, పరీక్షలో తెలుస్తుంది. నూలు తూచి ఇచ్చిన షావుకారు బట్టను, వేస్టును కూడా తూచి చూస్తాడు కదా! అలాగే నూనె మిల్లు కూడా వచ్చిన గింజలను, వెళ్ళిన నూనె, చెక్క, నూగు, పొట్టులను తూచి రాయాలి. చెక్కలో ఎంత నూనె మిగిలిందో పరీక్షించాలి. తేమ పోను లెక్క కుదరకపోతే ఎక్కడో వృథా జరిగినట్లే. లెక్క ఉన్నచోటే పొదుపు ఉంటుంది.

ప్రశ్న: మీ ఇంటి దగ్గరి సాంచెల ఖార్ఖానాలో మిగిలే వేస్టు ఎక్కడికి వెళ్తుందో తెలుసుకొని ఐదు వాక్యాలు రాయండి.