మార్పు చేప విత్తనము: హేచరీ పనివాని పాఠము



మన చెఱువులలో ఏటేట వదలు పిల్లలేవి యని అడిగినచో బొచ్చె, రవ్వ, బంగారుతీగ యని చిన్నవాడును చెప్పగలడు. 2016వ సంవత్సరము మొదలు తెలంగాణ ప్రభుత్వము ఉచితముగ పంపిణీ చేసిన విత్తనములో ముఖ్యమైనవియు నివియే. వరిమడిలోను, కుంటలోను, తూము క్రింది బురదలోను ఎవరును వదలకయే పుట్టి పెరిగిన మార్పు చేప మాత్రము నానాటికి అరుదగుచున్నది. ఉత్తరదేశీయులు దీనిని మాగుర్ అందురు. బీహారున ఇది రాష్ట్రమత్స్యము. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు తమ ఎఱ్ఱపట్టికలో దీనిని అంతరించు ప్రమాదమునందున్న జాతిగ చేర్చియున్నారు. దీని విత్తనమును తీయు హేచరీ పని యెట్టిదో, మన నస్పూరు యువకుడొకడు దానిని చేపట్టదలచినచో ఏమేమి నేర్వవలసియుండునో ఈ పాఠమున తెలుపుచున్నాము.

మార్పు చేపకు పొలుసులుండవు. నాలుగు జతల మీసములుండును. మొప్పలపై చెట్టుకొమ్మలవలె చీలిన అవయవమొకటి యుండుటచే గాలిని నేరుగ పీల్చుకొనగలదు. నీరింకిన కుంటలో బురదయందు దాగి బ్రతుకును. వానరాత్రి తడినేలపై ప్రాకి మఱియొక కుంటకు పోవును. ఇంత గట్టిప్రాణియు ఏల తరిగినది? చిన్న కుంటలు పూడిపోయినవి. వరికి చల్లు పురుగుమందులు మడినీటిలో కలియుచున్నవి. అన్నిటికంటె మనకు చేరువైన కారణము మఱియొకటి కలదు. తొలకరి నీటికి ఎదురెక్కు చేపకు దారిలోనే మావులు పెట్టి పట్టుచున్నాము. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినవలెనను ఆచారము మన ప్రాంతమున బలముగ నున్నది. సరిగ ఆ దినములలోనే మార్పు చేప కడుపు గ్రుడ్లతో నిండుచుండును. ఆచారమును నిందించుట మా యుద్దేశము కాదు. ఆనాడు బొచ్చె తినినను ఆచారము చెల్లును గదా.

ఇక ఆఫ్రికా మాగుర్ సంగతి. ఇది మన మార్పునకు దాయాదియే గాని దేశీయము కాదు. అనుమతి లేకయే ఈ దేశమున ప్రవేశించినది. కొలది మాసములలోనే కిలో బరువును మించును, ఇతర చేపలను మ్రింగివేయును. దీని పెంపకమును భారత ప్రభుత్వము 2000వ సంవత్సరమున నిషేధించినది. అయినను కొందఱు వర్తకులు దీని పిల్లలనే మార్పు పిల్లలని అమ్ముచుందురు. రెండింటికి పుట్టిన సంకరములును కలవు. పెద్దచేపలలో తలపెద్దదియు, ఒంటిపై మచ్చలు గలదియు ఆఫ్రికా చేపయని కొంతవఱకు గుర్తింపవచ్చును. అంగుళము పిల్లలలో గుర్తించుట అనుభవజ్ఞులకును కష్టము. కావున తల్లిచేపలను కన్నులార చూపని చోట విత్తనము కొనరాదు. ఆ పిల్లలు వరదలో తప్పించుకొని గోదావరిలో పడినచో తిరిగి పట్టితెచ్చువారెవరు?

సూదిమందుతో చేపను గ్రుడ్లు పెట్టించు విద్య మనదేశమున గట్టిగ నిలిచినది 1957 జూలై 10వ తేదీన. ఒడిషాలోని అంగుల్‌నందు హీరాలాల్ చౌధురి, ఆలికుంఞి గారలు ఆనాడు దానిని సాధించిరి. అందుచేతనే జూలై 10వ తేదీని జాతీయ మత్స్యకృషీవలుర దినముగ జరుపుచున్నారు. అయితే బొచ్చె, రవ్వలకు సూది వేసి తొట్టిలో వదలిన అవియే గ్రుడ్లు పెట్టుకొనును. మార్పు చేప విషయమున అట్లు కాదు. పనివాని చేతిమీదనే యంతయు జరుగవలెను.

ఏడాది నిండి, సుమారు 150 గ్రాముల బరువు గల ఆరోగ్యవంతమైన చేపలను వేసవిలోనే తెచ్చి వేఱుగ మేపవలెను. మలద్వారము వెనుకనున్న బొడిపె కోసుగ నుండిన మగది, గుండ్రముగ నుండిన ఆడది. ఆషాఢ శ్రావణములలో ఆడచేప పొట్ట మెత్తబడి ఉబ్బియుండగ సూది వేయుదురు. నేడు అమ్ముడగు కృత్రిమ హార్మోను మందు కిలో బరువునకు ఒక మిల్లీలీటరు మొదలు ఒకటిన్నర వఱకు చాలును. అనగా 150 గ్రాముల చేపకు 0.15 మిల్లీలీటరు మొదలు 0.22 వఱకు. తూకము వేయక అందాజుగ సూది వేయువాడు ఈ పనికి తగడు. సాయంత్రము 5 గంటలకు సూది వేసినచో మరునాటి ఉదయము 9, 10 గంటలకు గ్రుడ్లు పిండుటకు సిద్ధమగును. నీరు చల్లనైన ఆలస్యమగును, వెచ్చనైన త్వరపడును. కావున ఆ రాత్రి నిద్ర మాని ఉష్ణమాపకమును చూచుకొనుచుండవలసినదే.

ఇచ్చట మనస్సునకు కష్టము తోచు పని యొకటి కలదు. మగచేపను పిండిన శుక్రము రాదు. దానిని చంపి వృషణములను తీసి, 0.9 శాతము ఉప్పునీటిలో నలుగగొట్టవలెను. తరుగుచున్న జాతిని నిలుపుటకు అందులోని ప్రాణినే బలియిచ్చుట విపరీతముగ తోచును గాని వేఱు సులభమార్గము లేదు. కావున తొలుత ఆడచేప పొట్టను మెల్లగ ఒత్తి, గ్రుడ్లు జారునని నిశ్చయమైన పిదపనే మగచేపను కోయవలెను. అట్లు చూడక కోసినచో ఒక ప్రాణము వ్యర్థమగును. గిన్నెయు చేతులును పొడిగ నుండవలెను. మంచినీటి చుక్క తగిలిన క్షణముననే శుక్రకణములు కదలనారంభించి, ఇంచుమించు నిమిషములోనే శక్తి కోల్పోవును. గ్రుడ్లపై శుక్రజలమును పోసి కోడియీకతో కలిపి, పిదప మంచినీరు చేర్చి, పాఱునీటి తొట్టెలలో పలుచగ పఱచవలెను. చెడిన గ్రుడ్లు తెల్లబడును; వెంటనే తీసివేయకున్న బూజు మంచివానికి ప్రాకును.

28 డిగ్రీల వేడిమియందు ఒక దినమునకు కొంచె మెక్కువగ పిల్లలు వెలువడును. మూడు నాలుగు దినములు పచ్చసొనయే వానికి ఆహారము. తరువాత జల్లెడపట్టిన నీటిపురుగులను, ఆర్టీమియాను దినమునకు మూడు నాలుగు మారులు పెట్టవలెను. మిగిలిన మేత క్రుళ్ళినచో నీరు విషమగును. పది పదునొకండవ దినమున పిల్లలు గాలికై పైకి వచ్చుట మొదలిడును. లోతు తొట్టె యైనచో పైకెక్కలేక అలసి చచ్చును. కావున నీరు నాలుగైదంగుళములు మించరాదు. చిన్నవానిని పెద్దవి తినును. కనుక పరిమాణమునుబట్టి వేఱుచేయుచుండవలెను.

నస్పూరు, శ్రీరాంపూరు ప్రాంతమున ఈ పని తలపెట్టువారు మొదట చూడవలసినది నీరు. బొగ్గుగనులనుండి తోడిపోయు నీటిలో కొన్నిచోట్ల ఆమ్లమును ఇనుమును ఎక్కువగ నుండును. అట్టిది గ్రుడ్లకు ప్రాణాంతకము. పీహెచ్ 7, 8 నడుమ నున్నదని పరీక్షించుకొననిదే తొట్టె కట్టింపరాదు. విద్య నేర్వగోరువారికి భువనేశ్వరము దగ్గఱ కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధన సంస్థ కలదు.

ఏటేట కుంటలనుండి క్రొత్త మగచేపలను తెచ్చి కోయుట తగదు. హేచరీలో పుట్టినవానినే పెంచి వాడవలెను. అయితే ఒక్క జంట సంతతినే మరల మరల కలిపినచో పిల్లలు బలహీనమగును. పలుచోట్లనుండి తెచ్చిన జంటల పిల్లలను వేఱువేఱు తొట్టెలలో నుంచి, ఏ తొట్టెలోనివి ఏ కుంటవో పుస్తకమున వ్రాసికొనవలెను. అందుకై సభ్యులకు మనవి: మీ కుంట ఎండుకాలమున ఇంకునపుడు నిజమైన మార్పు చేప దొరికినచో బజారునకు పంపకుడు. మూతగల కుండలో కొద్ది నీటితో నుంచి, కుంట పేరు తెలుపుచు సంఘ కార్యాలయమునకు వర్తమానము పంపుడు.