కట్ డౌన్‌కూ కట్ అవుట్‌కూ మధ్య

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లో డాక్టరుగా పనిచేయడానికి ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షకు చదువుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. ఆ పరీక్షలో మాట్లాడే భాగం నీకు కీలకం. ఎదుటి మనిషి రోగిగానో, రోగి బంధువుగానో నటిస్తే నువ్వు అడిగి తెలుసుకోవాలి, నచ్చజెప్పాలి. అక్కడ పుస్తకాల ఇంగ్లీషు కన్నా వాళ్లు ఇళ్లల్లో మాట్లాడుకునే ఇంగ్లీషు అక్కరకొస్తుంది. సిగరెట్లు తగ్గించానని చెప్పడానికి అక్కడి పేషెంటు ‘రెడ్యూస్’ అనడం అరుదు. ‘ఐ హావ్ కట్ డౌన్’ అంటాడు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క క్రియ గురించి తీరిగ్గా రాస్తున్నాను.

తగ్గించడం, మానేయడం, నరకడం. మనకు ఇవి మూడు వేర్వేరు మాటలు. ఇంగ్లీషువాళ్లు మూడింటికీ ‘కట్’నే వాడి, పక్కన చేర్చే చిన్న మాటతో తేడా చూపిస్తారు. మందు ఒకటే అయినా మోతాదు మారితే ఫలితం మారినట్టే ఇదీను. ‘కట్ డౌన్ ఆన్ షుగర్’ అంటే చక్కెర తగ్గించమని. ‘కట్ అవుట్ షుగర్’ అంటే పూర్తిగా మానేయమని. మరి ‘కట్ డౌన్ ద ట్రీ’ అంటే చెట్టును కాస్త పొట్టి చేయమని కాదు, నరికి పడగొట్టమని. గుర్తు ఏమిటంటే, నిలబడి ఉన్నదైతే నేలకూలుతుంది, కొలతకు వచ్చేదైతే కొలత తగ్గుతుంది.

తగ్గించడానికీ మానేయడానికీ మధ్య ఈ తేడా నీ వృత్తిలో ప్రాణాల మీదికి తెస్తుంది. మద్యానికి బాగా బానిసైన మనిషి ఉన్నపళంగా తాగడం ఆపేస్తే మూర్ఛలు, డెలీరియం ట్రెమెన్స్ రావచ్చని నాకన్నా నీకే బాగా తెలుసు. అలాంటి మనిషికి వైద్య పర్యవేక్షణ లేకుండా ‘కట్ ఇట్ అవుట్’ అని చెప్పి ఇంటికి పంపితే, మంచి కోరి కీడు చేసినట్టవుతుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారి సంగతి దీనికి తలకిందులు. గోధుమ, బార్లీ, రై వీటిలోని గ్లూటెన్ వాళ్లకు కొంచెమైనా పనికిరాదు. వాళ్లతో ‘కట్ డౌన్ ఆన్ గ్లూటెన్’ అన్నావనుకో, రోజుకో బ్రెడ్డు ముక్క తినొచ్చు కాబోలు అనుకుంటారు. అక్కడ ‘కట్ అవుట్’ తప్ప ఇంకో మాట రాకూడదు.

వాక్యంలో వాడేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘ఆన్’ దగ్గర. ఏది తగ్గించాలో చెబుతున్నప్పుడు ‘కట్ డౌన్ ఆన్ సాల్ట్’ అనాలి. సంగతి ముందే తెలిసి ఉంటే ‘యూ షుడ్ కట్ డౌన్’ అంటే చాలు, ‘ఆన్’ అక్కర్లేదు. చెట్టు విషయంలో ‘కట్ ద ట్రీ డౌన్’ అన్నా తప్పులేదు కానీ, ‘ఇట్’ వస్తే మాత్రం అది నడుమనే ఉండాలి. ‘కట్ ఇట్ డౌన్’ సరైనది, ‘కట్ డౌన్ ఇట్’ తప్పు. భూతకాలంలోనూ ‘కట్’ కట్‌గానే ఉంటుంది, ‘కట్టెడ్’ అనే రూపమే లేదు.

పేషెంటు ‘ఐ హావ్ కట్ డౌన్’ అన్నప్పుడు సంతోషించి వదిలేయకు. ఆ మాటలో అంకె లేదు. ‘ఎంత నుంచి ఎంతకు?’ అని మెల్లగా అడుగు. ‘ఫ్రమ్ ట్వెంటీ ఎ డే టు టెన్’ అన్నట్టు జవాబు వస్తేనే నీకు పని జరిగినట్టు. మద్యమైతే అక్కడ యూనిట్లలో లెక్కిస్తారు. ఒక యూనిట్ అంటే 8 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. వారానికి 14 యూనిట్లు దాటకుండా ఉండటం మేలని 2016 నుంచి బ్రిటన్ ప్రభుత్వ వైద్యాధికారుల సలహా. తాగుడు గురించి అడిగే ‘కేజ్’ ప్రశ్నలు నువ్వు చదివే ఉంటావు. 1984లో జాన్ ఈవింగ్ ప్రచురించిన ఆ నాలుగింటిలో మొదటిది, తగ్గించుకోవాలని మీకెప్పుడైనా అనిపించిందా అన్నదే. అందులోని ‘సి’ అక్షరం ఈ ‘కట్ డౌన్’దే. మానేయాలనిపించిందా అని కాకుండా తగ్గించుకోవాలనిపించిందా అని అడిగితే, దాచుకోవాలనుకునే మనిషి కూడా నోరు విప్పుతాడు.

దీని బంధువులను కూడా పరిచయం చేసుకో. ‘కట్ బ్యాక్’ కూడా తగ్గించడమే, ఖర్చుల విషయంలో ఎక్కువగా వినిపిస్తుంది. గులాబీ కొమ్మలు కత్తిరించడానికీ అదే మాట. ఫోన్ కట్ అయిందని మనం అనేదాన్ని వాళ్లు ‘వుయ్ గాట్ కట్ ఆఫ్’ అంటారు. ఇక సిర దొరకనప్పుడు చర్మం కోసి చేసే ‘వీనస్ కట్‌డౌన్’ నీకు తెలిసిందే. అక్కడ రెండు మాటలూ కలిసి నామవాచకం అయ్యాయి, తగ్గించడంతో దానికి సంబంధం లేదు.

జాబితాలు బట్టీ పట్టకు తల్లీ. నీ వార్డులో రోజూ చెప్పే సలహాల్లో ఏవి తగ్గించేవో, ఏవి పూర్తిగా మానేయాల్సినవో రెండు వరుసలుగా రాసుకుని, ఒక్కోదాన్నీ ఇంగ్లీషులో పైకి అని చూడు. మనిషి మందు మింగకముందే నీ మాట మింగుతాడు. అందులోని చిన్న మాటను కూడా మోతాదంత జాగ్రత్తగా ఎంచుకో.

విజయోస్తు.

ఇట్లు
మీ పెదనాన్న