లీడ్స్ పాట - మన పాట



సంగీతమంటే గురువు దగ్గర పదేళ్లు కూర్చుంటేగాని రాదనీ, కాదంటే అది సినిమావాళ్ల సొత్తనీ మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. దాన్ని కాస్త కదిలించడానికే ఇంగ్లండులోని ఒక విద్యార్థి బృందం సంగతి ఇక్కడ ముచ్చటిస్తున్నాను.

ఉత్తర ఇంగ్లండులో లీడ్స్ ఉన్ని మిల్లులకు పేరుపడిన ఊరు. 1970ల నాటికి ఆ పరిశ్రమ దెబ్బతిన్నది. నిరుద్యోగం పెరిగింది. జాతివిద్వేషం వీధికెక్కింది. అక్కడి యూనివర్సిటీలో చిత్రకళ చదువుతున్న జాన్ కింగ్, ఆండీ గిల్ 1976లో ‘గ్యాంగ్ ఆఫ్ ఫోర్’ అనే బృందం పెట్టారు. మరుసటి ఏడు వారి తోటి విద్యార్థులే ‘మీకాన్స్’ అనే మరో బృందం కట్టారు. సొంత వాయిద్యాలు లేకపోతే గ్యాంగ్ ఆఫ్ ఫోర్ వారివే అడిగి తెచ్చుకొని వాయించారు!

వీరి బాణీని ‘పోస్ట్ పంక్’ అంటారు. అంతకుముందు వచ్చిన పంక్ సారమేమిటి? వచ్చినంతే వాయించు, చెప్పదలచింది గట్టిగా చెప్పు. వీరు ఆ తెగువకు ఆలోచన జోడించారు. గిల్ గిటారు మీద రాగం సాగదీయలేదు. డప్పు మీద దెబ్బలాగా కొట్టి ఠక్కున ఆపేవాడు. ఆ ఖాళీలో మాట వినబడేది. 1979లో వచ్చిన వీరి తొలి ఆల్బం పేరు ‘ఎంటర్‌టైన్‌మెంట్’. వినోదం పేరిట మనకు అమ్ముతున్నదేమిటన్నది అందులోని ప్రశ్న. ఆ ఏడే బీబీసీ టెలివిజన్ వారు పాటలో ఒక్క మాట మార్చమంటే, ఒప్పుకోక కార్యక్రమమే వదులుకొని వచ్చేశారు. పేరు, డబ్బు తెచ్చే అవకాశం చేజారింది, మాట నిలిచింది.

“ఇదంతా మనకెందుకయ్యా?” అంటారేమో. మన నెల్లూరు జిల్లానే చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు కళాజాతా బృందాలు పల్లెపల్లెకూ పాటలు, నాటికలు మోసుకెళ్లాయి. చదువుకోను కూర్చున్న ఆడవాళ్లు తమ బతుకుల గురించే మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారాను ఆపేశారు. ఆ గెలుపే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై తక్కిన ఊళ్లకు పాకింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాటే నిషేధం తెచ్చిందని నేననను. పోరాడింది, దెబ్బలు తిన్నది ఆడవాళ్లు. కాని నలుగురూ ఒకచోట చేరడానికి పాట పిలుపైంది గదా!

తేడా ఒక్కటే. లీడ్స్ పాటలు రికార్డులకెక్కి ప్రపంచం చుట్టాయి. కళాజాతాలో పాడినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? వారిలో చాలామంది పెద్దవాళ్లయిపోయారు. ఆలస్యం చేస్తే పాట వారితోనే పోతుంది.

అందుకని నాదొక మనవి. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ అమ్మనో, అత్తనో, పక్కింటి పెద్దమ్మనో అడిగి ఒక్క పాట రాసుకురండి. వచ్చే వార్షికోత్సవంలో అద్దె ఆర్కెస్ట్రాకిచ్చే సమయంలో ఓ అరగంట తగ్గించి, ఆ పాటలు మనమే పాడదాం. శ్రుతి తప్పితే తప్పనీండి, మాట మాత్రం తప్పవద్దు.