అడగడం నేర్చిన పౌరుడు

కొత్త దేశంలో స్థిరపడటాన్ని చాలామంది ఉద్యోగం, ఇల్లు, వాహనం అనే మూడింటితో కొలుస్తారు. అయితే ఆ మూడూ అమరిన తరువాత కూడా ఏళ్ల తరబడి పరాయితనం వదలని కుటుంబాలు ఎన్నో ఉన్నాయంటే, ఆ కొలతలో ముఖ్యమైనదేదో తప్పిపోయిందనే అర్థం. తప్పిపోయినది, తాను నివసించే ప్రాంతపు సంస్థలతో వ్యక్తికి ఉండవలసిన సంబంధం. తనకు రావలసిన సేవను సిఫారసు వెతుక్కోకుండా, సంకోచపడకుండా, మర్యాద తప్పకుండా అడగగలగడమూ, ఆ సేవ సక్రమంగా సాగడానికి తన వంతు క్రమశిక్షణ పాటించడమూ కలిసిన గుణాన్ని పౌర వ్యక్తిత్వం అనవచ్చు. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. చిన్న చిన్న పనుల అభ్యాసంతో అలవడేది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఇందుకు తగిన ఉదాహరణ. మెల్‌బోర్న్ నగరానికి పడమట, విండమ్ కౌన్సిల్ పరిధిలోని టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వంటి శివార్లలో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. ఆ దేశంలో పాలన మూడు అంచెలుగా సాగుతుంది: వీసాలు, ఆదాయపు పన్ను కేంద్రం చూస్తుంది, ప్రభుత్వ బడులు, ఆసుపత్రులు, పోలీసు వ్యవస్థ రాష్ట్రం చేతిలో ఉంటాయి, చెత్త సేకరణ, స్థానిక వీధులు, పార్కులు, గ్రంథాలయాలు, పెంపుడు జంతువుల నమోదు వంటివి మూడవ అంచె అయిన కౌన్సిల్ బాధ్యతలు. తెలుగు రాష్ట్రాల పురపాలక సంఘాలను పోలిన ఈ కౌన్సిళ్లు విక్టోరియాలో 79 ఉన్నాయి. వీటి ఆదాయంలో ప్రధానమైనది ‘రేట్స్’ అని పిలిచే ఆస్తి పన్ను. ఆస్తి విలువను బట్టి నిర్ణయించే ఈ మొత్తాన్ని యజమానులు సెప్టెంబరు, నవంబరు, ఫిబ్రవరి, మే నెలల చివర నాలుగు వాయిదాల్లో చెల్లించవచ్చు. అద్దెకుండేవారు దీనిని నేరుగా చెల్లించకపోయినా, సేవలు పొందే విషయంలో వారూ ఆ ప్రాంతవాసులే.

ఈ వ్యవస్థతో కొత్త కుటుంబానికి తొలి పరిచయం ఇంటి ముందున్న చెత్త డబ్బాలతోనే మొదలవుతుంది. రాష్ట్రం నిర్దేశించిన రంగుల ప్రకారం ఎర్ర మూత మిగులు చెత్తకు, పసుపు మూత పునర్వినియోగానికి పనికివచ్చే కాగితం, డబ్బాలు, సీసాలకు, లేత ఆకుపచ్చ మూత తోట చెత్తకూ వంటింటి వ్యర్థాలకూ, ఊదా మూత విడిగా గాజుకు కేటాయించినవి. ఏ కౌన్సిల్ వీటిలో ఏవి ఇస్తుందో, ఏ వారం ఏ డబ్బా బయట పెట్టాలో స్థానిక క్యాలెండరును చూసి తెలుసుకోవాలి. పిండేసిన చింతపండు పిప్పి, ఏరేసిన కరివేపాకు ఈనెలు ఏ డబ్బాలోకి వెళ్లాలన్నది చిన్న ప్రశ్నే అయినా, దానికి సమాధానం వెతికిన ఇల్లు ఆ ఊరి పద్ధతిలోకి ఒక అడుగు వేసినట్లే. లారీకి ఉన్న యంత్రపు చేయి డబ్బాను పట్టి ఎత్తుతుంది కనుక డబ్బాల మధ్య ఎడం ఉంచి, చక్రాలు ఇంటివైపు ఉండేలా నిలబెట్టాలి. కాగితాలనూ సీసాలనూ ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పసుపు డబ్బాలో వేస్తే వాటిని వేరుచేయడం కష్టమై, పనికివచ్చేది కూడా చెత్తలో కలిసిపోతుంది; అంతేకాక ఒక ఇంటి పొరపాటు అదే లారీలో పడిన ఇరుగుపొరుగు ఇళ్ల శ్రమను సైతం వృథా చేస్తుంది. ఎవరూ చూడని చోట కూడా నియమాన్ని పాటించడమే క్రమశిక్షణకు అసలు పరీక్ష అనడానికి ఈ పని చక్కని నిదర్శనం.

అడగడం రెండవ అభ్యాసం. తెలిసినవారి ద్వారా పని జరిపించుకోవడానికి అలవాటుపడిన మనసుకు, కాలిబాట పలక పగిలి ముసలివారు తట్టుకుని పడే ప్రమాదం ఉన్నప్పుడు నేరుగా కార్యాలయానికి రాయడం మొదట వింతగా తోస్తుంది. అయితే మంచి అభ్యర్థనకు కావలసినవి మూడే: సమస్య ఎక్కడ ఉంది, ఏమిటి, ఎప్పటినుంచి ఉంది. ఇంటి నంబరుతో సహా చోటును చెప్పి, ఒక ఫొటో జతచేసి, కౌన్సిల్ ఇచ్చే ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకుంటే, ఆలస్యమైనప్పుడు కోపంతో కాక ఆ సంఖ్య ఆధారంగా మళ్లీ అడగవచ్చు. ప్రధాన రహదారులు సాధారణంగా రాష్ట్రం అధీనంలో ఉంటాయి కనుక కొన్నిసార్లు కౌన్సిల్ అది తన పని కాదంటుంది. దానిని అవమానంగా తీసుకోక సరైన అంచెను ఆశ్రయించడం పరిణతికి గుర్తు. ఇంగ్లీషు రాకపోవడం కూడా అడగకపోవడానికి కారణం కానక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ అనువాద సేవకు 131 450 నంబరుకు ఫోన్ చేసి తెలుగు దుబాసీని కోరవచ్చు.

శివారు జీవితంలో బయటికి కనబడని బరువు ఒంటరితనం. కారు లేనిదే అడుగు సాగని విశాలమైన వీధుల్లో, పగలంతా తలుపులు మూసి ఉండే ఇళ్ల మధ్య, పసిబిడ్డతో ఉన్న తల్లికి పలకరించే మనిషి దొరకడమే కష్టం. విక్టోరియాలో బిడ్డ పుట్టిన సమాచారం కౌన్సిల్‌కు చేరుతుంది. మాతా శిశు ఆరోగ్య సేవకు చెందిన నర్సు కుటుంబాన్ని సంప్రదించి తొలిసారి ఇంటికే వస్తుంది. దానితో కలిపి బిడ్డకు మూడున్నర ఏళ్లు వచ్చేదాకా, ఎదుగుదలలోని ముఖ్య దశలను బట్టి పది ఉచిత సందర్శనలు ఉంటాయి. బరువూ ఎత్తూ చూడటంతో ఆ సేవ ముగియదు. నిద్ర లేమి, దిగులు వంటి తల్లి కష్టాలను కూడా నర్సు అడిగి తెలుసుకుంటుంది, తొలిసారి తల్లిదండ్రులైనవారిని ఒక బృందంగా కలుపుతుంది. అలాగే ఉచిత సభ్యత్వమిచ్చే గ్రంథాలయంలో పిల్లల కథాసమయానికి మనవడిని తీసుకువెళ్లే అమ్మమ్మకు, ఆ దేశపు భాష కొద్దిగానే వచ్చినా, వారానికొకసారి కలిసే పరిచయస్తులు ఏర్పడతారు. ఇటువంటి సేవలను వాడుకోవడం చేయి చాచడం కాదు. వాటిని ఏర్పాటు చేసినదే ప్రజలు వాడుకోవడానికి.

సేవలు పొందడంతో ఆగక నిర్ణయాల్లో పాలుపంచుకోవడం తరువాతి మెట్టు. కౌన్సిల్ ఎన్నికలు నాలుగేళ్లకొకసారి వస్తాయి. 2024 అక్టోబరులో జరిగాయి. పౌరసత్వం పొందినవారికి ఓటు వేయడం తప్పనిసరి విధి. ఎన్నికల కోసం ఎదురుచూడకుండానే ఎవరైనా బడ్జెట్ ముసాయిదాపై అభిప్రాయం రాయవచ్చు, బహిరంగంగా జరిగే కౌన్సిల్ సమావేశానికి హాజరు కావచ్చు. పిల్లల పార్కులో నీడ లేదని ఇంట్లో విసుక్కోవడానికీ, అదే మాటను ముసాయిదా గడువులోగా రాసి పంపడానికీ మధ్యనే వ్యక్తిత్వ వికాసం ఉంది.

ఈ గుణాన్ని పెంపొందించుకోదలచినవారు మొదటి వారంలో డబ్బాల క్యాలెండరును తెలుసుకుని, మొదటి నెలలో గ్రంథాలయ సభ్యత్వం తీసుకుని, కంటబడిన మొదటి సమస్యను స్వయంగా నివేదించి, ఏడాది తిరిగేలోగా ఒక్క సమావేశానికైనా వెళ్లడం మంచి క్రమం. తరువాత వచ్చిన తెలుగు కుటుంబాలకు సాయపడేటప్పుడు వారి తరఫున ఫోన్ చేసిపెట్టడం సులువే కానీ, పక్కన కూర్చుని వారిచేతనే మాట్లాడించడం మేలు. ఎందుకంటే చేసిపెట్టిన పని ఆ పూటకే పనికొస్తుంది, అడగగలనన్న ధైర్యం మాత్రం ఆ కుటుంబం ఏ శివారుకు మారినా వెంట వెళుతుంది.